అత్తయ్య పెంచిన ఒంటి మొక్క

మా అత్తయ్య తన జన్మలో అబద్ధం చెప్పింది ఒక్క మనిషికే. ఆ మనిషి మా మామయ్య. చెప్పింది ఒకసారి కాదు. దగ్గర దగ్గర డెబ్బై రోజులు, రోజూ మధ్యాహ్నం మూడున్నరకి, ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. అది అబద్ధమని మామయ్యకు మధ్యలోనే తెలిసిపోయింది. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలుసు. అత్తయ్యకు మాత్రం తెలియదు. ఏడాదికి పైగా ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరిగిన దౌర్భాగ్యురాలిని నేను.

నేను వాళ్ళింటి కోడల్ని. బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరులో ఉద్యోగం. పొద్దస్తమానం ఆ బస్సెప్పుడు, ఈ బస్సెక్కడ అని అడిగేవాళ్ళకు జవాబులు చెప్పి చెప్పి నాకు ముక్కు మీద కోపం పట్టుకుంది. బోర్డు మీద అక్షరాలు ఇంతింత రాసి ఉంటాయా, దాని కిందే నిలబడి అడుగుతారు. అడిగినవాడికల్లా జవాబు చెప్పే నేను, ఇంట్లో మనిషికి చెప్పాల్సిన ఒక్క జవాబు చెప్పలేకపోయాను. దాని గురించే ఇదంతా.

అత్తయ్య చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్కేళ్ళు చెకింగ్ పని చేసింది. కుట్టేవాళ్ళు, కాజాలు వేసేవాళ్ళు, బొత్తాలు పెట్టేవాళ్ళు అందరి చేతులూ దాటాక చొక్కా చివరికి ఆవిడ టేబుల్ మీదకి వస్తుంది. పైన ట్యూబులైటు, ముందు తెల్లటి బల్ల, కుడిచేతికి అందేలా బెత్తెడంత ట్రిమ్మరు కత్తెర, ఎడమవైపు ఎర్రటి బాణం గుర్తు స్టిక్కర్లు. కాలరు రెండు కొనల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి, వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. జేబు మీది గీతలు చొక్కా గీతలతో కలవాలి. కాజాల్లో పోగులు మిగలకూడదు. తేడా కనిపించిన చోట బాణం అంటించి పక్కన పడేయడమే. రోజుకు నాలుగు వందల చొక్కాలు అలా ఆవిడ చేతుల కింద నుంచి పోయేవి. ఫ్యాక్టరీలో ఆవిడని అందరూ స్టిక్కరమ్మ అనేవాళ్ళు. ఎదురుగా మాత్రం ఎవరికీ నోరు లేచేది కాదు.

మా ఆయన నన్ను మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆవిడ నా మొహం కూడా సరిగ్గా చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, జాకెట్టు చేతి అంచు తిరగేసి చూసి, "కుట్టు వంకర" అంది. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. "కుట్టింది నేను కాదండీ, టైలరు" అన్నాను. "కట్టుకున్నది నువ్వేగా" అంది. ఆ రోజు మొత్తానికి ఆవిడ నాతో మాట్లాడిన మాటలు అవి రెండే. తర్వాత తెలిసింది, ఆవిడకి అవి ఎక్కువేనని. ఇంట్లో ఎవరు ఏమడిగినా ఊ, సరే, వద్దు, చూద్దాం, ఈ నాలుగింటితో సరిపెట్టేది. మిషన్ల రొదలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషికి, ఇంటికొచ్చాక నోరు విప్పాలనిపించేది కాదేమో. మామయ్యతో కూడా అంతే.

మామయ్య ఆవిడకి పూర్తిగా ఎదురు. బస్సుల డిపోలో టైర్ల సెక్షన్ మెకానిక్. నోరు మూతపడేది కాదు. పంచరు వేస్తూ కూడా టైరుతో మాట్లాడతారని డిపోలో జోకు. ఆయనకి ఇంట్లో వినేవాళ్ళు దొరక్క, వంటింటి వెనక ఉన్న కాస్త జాగాలో మొక్కలు వేసుకున్నారు. జాగా అంటే ఏదో అనుకునేరు. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, మధ్యలో బట్టలుతికే రాయి. అందులోనే ఏటా ఆయన ఊదా రంగు టొమాటిల్లోలు పండించేవారు.

ఎక్కడో దూరపు రూటులో తిరిగే డ్రైవరొకాయన కాగితం పొట్లంలో ఆ విత్తనాలు తెచ్చి ఇచ్చాడట. చూడ్డానికి చిన్న టమాటాలాగే ఉంటుంది, కానీ కాయ చుట్టూ పల్చటి కాగితంలాంటి పొర ఉంటుంది. మొదట ఆ పొర గుల్లగా, ఖాళీగా వేలాడుతుంది. లోపల కాయ పెరిగి పెరిగి దాన్ని నింపి, ఒకరోజు చీల్చుకుని బయటికి చూస్తుంది. ఎండ తగిలిన మేరా ఊదా రంగు తిరుగుతుంది. వలిస్తే చేతికి జిగురు. వంటలో వేస్తే మంచి పులుపు. మా ఇంట్లో దాన్ని టొమాటిల్లో అని ఎవరూ అనరు, చొక్కా టమాటా అంటారు. ఆ పేరు మామయ్యే పెట్టారు. "చూశావా, దీని చొక్కా దీనికెంత బాగా పట్టిందో. మీ ఫ్యాక్టరీ వాళ్ళని వచ్చి కొలతలు తీసుకోమను" అని అత్తయ్యని ఆటపట్టించేవారు. అత్తయ్య "ఊ" అనేది. ఆవిడ ఏనాడూ పెరట్లోకి దిగి ఆ మొక్కల దగ్గర నిలబడలేదు. వంటింటి కిటికీలోంచి చూసేది. నాలుగైదు మొక్కలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని పెరిగి కిటికీలోంచి ఒక్కటే గుబురులా కనపడేవి. ఆ గుబురంతా ఒకే మొక్కని ఆవిడ అనుకుంది.

మామయ్యకి జబ్బు చేసింది. మొదట దగ్గన్నారు, తర్వాత ఊపిరితిత్తులన్నారు, తర్వాత పేర్లు చెప్పడం మానేసి "చూద్దాం" అన్నారు. ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజునో నాలుగో రోజునో ఆయన అత్తయ్యని అడిగారు, "విత్తనాలు వేసే రోజులొచ్చాయి. వేశావా?" అని. ఆవిడ పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ, రెండింటికి విడుదల, మూడున్నరకి ఆసుపత్రి. పెరటి తలుపు తీసే తీరిక కూడా లేదు. నేనక్కడే మందుల చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ వేయలేదనే అంటుందనుకున్నాను. కానీ ఆయన మొహం కేసి ఒక్క క్షణం చూసి, "వేశాను" అంది.

పక్కింటివాళ్ళు కొత్త కారు చూపించి ఎలా ఉందని అడిగితే "తలుపు సరిగ్గా పడట్లేదు" అని చెప్పిన మనిషి ఆవిడ. బయటికొచ్చాక "అత్తయ్యా, ఎప్పుడు వేశారు?" అని అడిగాను. ఆవిడ నా వైపు చూడకుండా "మందులు తీసుకురా" అంది.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ మామయ్య రోజూ అడిగేవారు. అడిగితే ఆవిడ చెప్పాల్సి వచ్చేది.

"మొలకలొచ్చాయా?"

"వచ్చాయి. ఆరో రోజున. మూడు."

"మూడేనా?"

"మూడే. ఒకటి బాగుంది. రెండు వంకర. ఆ రెండూ తీసేసి ఒకటి ఉంచాను."

ఆయన దుప్పటి ఛాతీ మీదకి లాక్కున్నారు. "సరే, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకో" అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఆ ఒక్క మొక్క ఆవిడ నోట్లో పెరగడం మొదలుపెట్టింది. ఇవాళ నాలుగు ఆకులన్నది, ఇవాళ జానెడైందన్నది, కర్ర పాతానన్నది. పువ్వు పసుపు రంగని, లోపల నల్లటి మచ్చలున్నాయని చెప్పింది. అది ఆవిడ ఎప్పుడు చూసిందో నాకు తెలియదు, కిటికీలోంచి అంత కనపడదు. తేనెటీగలు వస్తున్నాయంది. బస్సు దిగి ఆసుపత్రి దాకా నడిచే ఆ పది నిమిషాల్లో ఆ రోజు చెప్పాల్సింది తయారు చేసుకునేదనుకుంటా, గేటు దగ్గర కనిపిస్తే పెదాలు కదులుతూ ఉండేవి. చొక్కాలు పట్టాయి, ఇంకా గుల్లగానే ఉన్నాయి అన్న రోజున ఆవిడ చేతులతో చూపించింది కూడా, ఇంతింత అని. నేనెప్పుడూ ఆవిడ చేతులు అలా గాల్లో ఆడించడం చూడలేదు.

ఆ తర్వాతి వారంలో ఒక ఉదయం, నేను డ్యూటీకి వెళ్తూ ఆయనకి ఫ్లాస్కు ఇవ్వడానికి వెళ్ళాను. ఇద్దరమే ఉన్నాం. ఆయన నన్ను దగ్గరికి రమ్మని, "అమ్మాయ్, ఇంటి దగ్గర చొక్కా టమాటా ఒక్క మొక్కన్నా ఉందా?" అన్నారు.

నేను నీళ్ళు నమలడం చూసి ఆయన నవ్వారు. నవ్వు దగ్గులోకి పోయింది. తేరుకున్నాక మెల్లగా చెప్పారు.

"నాకు ముందే అనుమానం. విత్తనం వేశానన్న మనిషి గోళ్ళు చూశాను, చిటికెడు మట్టి లేదు. సరే, కడుక్కుని ఉంటుందిలే అనుకున్నా. ఇప్పుడు కాయలు పట్టాయంటోంది. ఒక్క మొక్కకి కాయలు పట్టవమ్మా. పక్కన ఇంకోటి ఉండాలి. దీని పుప్పొడి దానికి, దాని పుప్పొడి దీనికి. ఒంటిగా ఉంటే ఊరికే పూసి రాలిపోవడమే."

"చెప్పేద్దామా మామయ్యా, మీకు తెలుసని?"

"వద్దొద్దు. చెప్పకు. నాకు తెలిసిందని ఆవిడకి తెలియనివ్వకు."

"అలాగే" అన్నాను. ఎన్నాళ్ళ వరకూ అని అడగలేదు. అడగాల్సింది. అడిగే ఉద్యోగం కాదు కదా నాది, చెప్పే ఉద్యోగం. పైగా కౌంటరుకు టైమైపోతోంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. వాళ్ళమ్మ ఒక్క చూపు చూస్తే చాలు, ఆ మనిషి పుట్టినప్పటి నుంచీ చేసిన తప్పులన్నీ కక్కేస్తాడు.

ఆ తర్వాత మామయ్య పద్దెనిమిది రోజులు ఉన్నారు. చివరి రోజు మధ్యాహ్నం కూడా అత్తయ్య వచ్చి, కాయలు చొక్కాలు చీల్చుకున్నాయని, ఎండ తగిలిన వైపు ఊదా రంగు తిరిగిందని చెప్పింది. ఆయనకి మాట పోయింది అప్పటికి. తలూపారు.

ఆయన పోయాక అత్తయ్య రెండు వారాలకే పనిలోకి వెళ్ళింది. ఆ ఏడు చివర్లో రిటైరైంది. ట్రిమ్మరు కత్తెర ఒక్కటి ఇంటికి తెచ్చుకుంది. ఎర్ర స్టిక్కర్లు తేలేదు.

మళ్ళీ విత్తనాలు వేసే రోజులొచ్చాయి. ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పెరటి తలుపు బార్లా తీసి ఉంది. అత్తయ్య ఉతికే రాయి మీద కూర్చుని, మామయ్య దాచిన కవరులోంచి విత్తనాలు అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటీ ఏరుతోంది. నువ్వుల కంటే చిన్నవి. వాటిని కూడా కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"ఆయనకి కాయలొచ్చాయని చెప్పాను కదా" అంది. "రావాలి."

ఆవిడ ఆ రెండు మాటల్లోనే అంతా చెప్పేసింది. ఆ డెబ్బై రోజుల్లో చెప్పిందంతా నిజం చేయాలి. ఒక ఏడాది ఆలస్యమైతే అయింది. కాయ ఒక్కటి చేతికొస్తే చాలు, పోయే మనిషిని మోసం చేసి పంపించానన్న బాధ ఉండదు. అదీ ఆవిడ లెక్క.

పన్నెండు విత్తనాలు వేసి, మిగిలినవి కవరులో పెట్టి బీరువాలో తాళం వేసింది. తొమ్మిది మొలిచాయి. బాగా మొలిచాయి. నేను మనసులో అమ్మయ్య అనుకున్నాను, తొమ్మిదిలో నాలుగు మిగిలినా కాయలకి ఢోకా లేదు కదా అని. ఒక సెలవు రోజు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, ట్రిమ్మరుతో మొలకల్ని మట్టి దగ్గరికి కత్తిరిస్తోంది. కాజాలో పోగు తీసినట్టు, ఒక్కొక్కటీ, ఎక్కడా చెయ్యి వణక్కుండా.

"అత్తయ్యా! అదేంటి?"

"ఇది మెడ వంకర. ఇదేమో పాలిపోయింది. దీని ఆకు ఒకటి చిన్నది."

"ఉండనివ్వండి. ఒకటికి రెండుంటే మంచిది కదా, తోడుగా ఉంటాయి."

"ఒకటే ఉంచానని చెప్పాను ఆయనకి" అంది. "ఒకటే ఉండాలి."

"అయినా ఒకటంటే..."

"నీ ఎంక్వయిరీ కౌంటరు కాదిది. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

తాగాను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎనిమిది మొలకలూ నా కళ్ళ ముందే నేలమీద పడ్డాయి. ఒక్క మాట చెబితే ఆగిపోయేది. కానీ ఒంటి మొక్కకి కాయలు పట్టవని నేనంటే, నీకెలా తెలుసంటుంది. మామయ్య చెప్పారంటే, ఎప్పుడంటుంది. ఎప్పుడని చెప్పను? కాయలు పట్టాయని మీరు చెప్పిన మరుసటి వారంలోనే అని చెప్పనా? చెప్పకు అన్న మనిషేమో లేరు. ఉన్నట్టయితే వెళ్ళి గట్టిగా అడిగేదాన్ని, ఇదేం ఇరకాటం మామయ్యా, మీరిద్దరూ ఒకరికొకరు నాటకాలాడి మధ్యలో నన్ను ఇరికించి పోతారా అని. నిజంగా కోపం వచ్చింది ఆయన మీద. పోయినవాళ్ళ మీద కోపం వస్తే ఎక్కడ చూపించాలో తెలియదు. ఆ రోజు కౌంటరులో ఒక పెద్దాయన మీద చూపించాను, పాపం.

ఆ మొక్క మాత్రం ఇరగబడి పెరిగింది. నడుం దాటి, భుజం దాకా వచ్చి, కర్రల్ని లాగేసి, ఉతికే రాయి మీదకి కూడా పాకింది. అత్తయ్య రోజంతా దాని దగ్గరే. పువ్వులొచ్చాయి. పదులు కాదు, వందలు. పసుపు రంగు, లోపల నల్లటి మచ్చలు. తేనెటీగలు కూడా వచ్చాయి, ఆవిడ ఆసుపత్రిలో చెప్పినట్టే. ఆవిడ మొహం కాస్త తేటపడింది. నాకు అన్నం సహించేది కాదు.

మూడు రోజులకి పువ్వు రాలిపోయేది. కాడ దగ్గర పసుపుగా మారి, వేలితో తాకితే చాలు, ఊడి చేతిలోకి వచ్చేది. ఆవిడ మొదట నీళ్ళు తక్కువయ్యాయనుకుంది. తర్వాత ఎక్కువయ్యాయనుకుంది. పేడ ఎరువు తెచ్చి వేసింది. పొయ్యి బూడిద చల్లింది. ఎండ చాలదని పక్క గోడ మీదున్న పాత రేకులు తీయించింది. రోజూ పొద్దున్నే రాలిన పువ్వుల్ని ఏరి, వంటింటి గట్టు మీద తెల్ల గుడ్డ పరిచి, వరసగా పెట్టి, తిరగేసి మరగేసి చూసేది. దేంట్లోనూ తప్పు కనపడేది కాదు. ఎంత చూసినా ఆవిడకి బాణం అంటించే చోటు దొరకలేదు.

"ఎందుకే పట్టవు?" అంది నన్ను ఒకరోజు. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నేను చేతులు కడుక్కుంటున్నట్టు నటిస్తూ కుళాయి దగ్గరే నిలబడిపోయాను.

ఇలా ఆరు వారాలు. మనిషి సగమైంది. మా ఆయన డాక్టరుకి చూపిద్దామన్నాడు. ఆవిడ "వద్దు" అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. ఆవిడ పెరట్లోంచి వచ్చి గట్టు మీద పిడికిలి తెరిచింది. మళ్ళీ పువ్వులే. పరవలేదు, చూడలేదు. అక్కడే బల్ల మీద కూర్చుంది.

"తెలిసిందే నాకు" అంది.

"ఏం తెలిసింది?"

"ఎందుకు కాయడం లేదో. పోయేవాడు నోరు తెరిచి అడిగింది ఒక్కటే. అది చెయ్యలేదు, చేశానన్నాను. రోజూ వెళ్ళి ఆయన మొహం మీద అబద్ధం చెప్పొచ్చాను. ఆయన నమ్మాడు. నమ్మే పోయాడు. అలాంటిదాని చేతికి ఎలా కాస్తుంది?"

ఆవిడ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం ఆసుపత్రి తర్వాత అదే మొదటిసారి. నేనిక తట్టుకోలేకపోయాను. చేతిలో గిన్నె ఎక్కడ పెట్టానో కూడా తెలియదు.

"ఆయన నమ్మలేదత్తయ్యా. ఆయనకి తెలుసు."

ఆవిడ తలెత్తింది.

చెప్పేశాను. గోళ్ళలో మట్టి లేకపోవడం, ఒంటి మొక్కకి కాయలు పట్టకపోవడం, పక్కన ఇంకోటి ఉండాలనడం, చెప్పకు అని నాతో అనడం. ఎంత ఆపుకున్నానో అంతా ఒక్క గుక్కలో వచ్చేసింది. చెప్పడం అయ్యాక ఆవిడ చాలాసేపు నన్నే చూసింది. చొక్కాని చూసే చూపు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఆయన ఉండగానే."

"నేను ఆ ఎనిమిదీ కత్తిరిస్తుంటే పక్కనే నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"కాఫీ తాగుతూ."

"తాగుతూ."

"తప్పు పీసని తెలిసీ పక్కకి తీయకుండా పై టేబుల్‌కి పంపినవాళ్ళని మా దగ్గర ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"ఏమీ అనరు. పనిలోంచి తీసేస్తారు."

నేను తల దించుకున్నాను. తిట్టుంటే బాగుండేది. నిజానికి ఆవిడ తిట్టదు, అదే ఆవిడతో వచ్చిన చిక్కు. లేచి రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది. గొంతు మారిపోయింది.

"తెలిసినవాడు మరెందుకు అడిగాడే? రోజూ అడిగాడు. ఆకుల కింద పురుగు చూశావా అన్నాడు. కర్ర ఎటువైపు పాతావన్నాడు. కాయ ఉసిరికాయంత ఉందా, నిమ్మకాయంత ఉందా అని అడిగాడు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. అంతా అబద్ధమని తెలిసీ, ఏమీ తెలియనట్టు మంచం మీద పడుకుని నన్ను ఆడించాడా?"

ఆ ఉదయం మామయ్య అన్న మాట ఇంకొకటుంది. అది నేను ఎవరికీ చెప్పలేదు, ఇంతవరకూ మీకూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే అది నాది కాదు, ఆవిడది. చెప్పేద్దామా అని నేనన్నప్పుడు, వద్దొద్దని చెయ్యి అడ్డంగా ఊపి, ఊపిరి తీసుకోవడానికి రెండుసార్లు ఆగి ఆయన అన్న మాట అది. ఉన్నదున్నట్టు అప్పజెప్పాను.

"'ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మీ అత్తయ్య నాతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదమ్మా. రోజూ ఇరవై నిమిషాలు. ఆ కాయ ఎలా ఉందో చెప్తుంటే ఆవిడ మొహం చూడాలి నువ్వు. నాకు తెలిసిందని తెలిస్తే మళ్ళీ ఊ, సరేలోకి వెళ్ళిపోతుంది. నేను అడుగుతూనే ఉంటా, చెప్పనీ. దారప్పోగు మిగిలినా పాస్ చెయ్యని మనిషి, నాకోసం రోజుకో తప్పు పీసు పాస్ చేస్తోంది.' అన్నారత్తయ్యా. ఆయనకి కాయల మీద ధ్యాస లేదు. మీరు మాట్లాడుతుంటే వినాలనుకున్నారు."

అత్తయ్య కళ్ళు నిండాయి. ఆయన పోయిన రోజున కూడా ఆవిడ అందరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు గట్టు మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని, పెద్దగా ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. తోసేస్తుందనుకున్నాను. తోసెయ్యలేదు.

"ఇరవై నిమిషాలు" అంది ఏడుపు మధ్యలో. "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఉన్నాడు కదే. నేనే మాట్లాడలేదు."

నేను చెంబుతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టాను.

కాసేపటికి ఆవిడ మొహం కడుక్కుంది. బీరువా తాళం తీసి కవరు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఎన్నున్నాయో చూడు. రేపు వేద్దాం" అంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, ఆ గుబురు ముందు ఉతికే రాయి మీద కూర్చుంది. చేతిసంచీ లేదు కాబట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏమండీ" అంది ఆవిడ. పక్కింటివాళ్ళకి వినపడేంత గొంతుతోనే అంది. "ఒక్క కాయ కూడా పట్టలేదు."

ఆగి, ఒక పసుపు పువ్వుని వేలితో కదిపి చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. పన్నెండు వేస్తే తొమ్మిది మొలిచాయండీ అంది. ఎనిమిదీ నా చేత్తోనే కత్తిరించాను, వాటికి ఏ లోపమూ లేదు అంది. కోడలు పక్కనే నిలబడి కాఫీ తాగిందంది. పువ్వులు బోలెడు, తేనెటీగలు కూడా వస్తున్నాయి, ఇది మాత్రం నిజమంది. గోళ్ళు చూసుకుని, మట్టి పోవడం లేదంది. నేను గడియారం చూడలేదు గానీ, ఇరవై నిమిషాలు దాటే ఉంటుంది, ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.